మా తాత మెరుగు పెట్టిన దొరల బండి

దగ్గరికి జరగండి నాయనా. ఆ గోడకు ఆనుకుని కూర్చోండి. అమ్మాయీ, ఆ టీవీ కాస్త ఆపు. నా గొంతు ఇప్పుడు గడప దాటి పోదు, వినాలంటే మీరే నా పక్కకు రావాలి. నేను బడికి పోయింది తక్కువ. కానీ ఒకసారి చూసింది నా కంటిని వదిలిపెట్టి పోదు. ఇప్పుడు చెప్పబోయేది అట్లా నిలిచిపోయిందే.

మొన్న నా కూతురి కొడుకు ఒక పాత ఇంగ్లీషు మోటార్ సైకిల్ తెచ్చి మా వసారాలో పెట్టాడు. దాని ఇంజను మొత్తం విప్పి మళ్లీ కొత్తగా కట్టాలట. దానికి కావాల్సిన పనిముట్లన్నీ ఫోనులో చూసి తెప్పించాడు. అట్టపెట్టె విప్పి, పాత దుప్పటి పరిచి, పెళ్లికి నగలు పేర్చినట్టు ఒక్కొక్కటే పేర్చాడు. రకరకాల స్పానర్లు, స్ప్రింగును అణిచిపట్టే బిగింపు, రాళ్లు బిగించిన మూడు కాళ్ల సాధనం ఒకటి. వాటి మధ్య గుండ్రంగా చుట్టిన పలచటి ఉక్కు పట్టీ. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను.

"అవ్వా, చెయ్యి కోసుకుంటాది, ఈడ పెట్టు" అన్నాడు వాడు.

"కోసుకోదులేరా. ఇది పిస్టన్‌కు పెట్టే వడ్డాణం గదా" అన్నాను.

వాడు చేస్తున్న పని ఆపి నా మొహం చూశాడు. ఇక చెప్పక తప్పలేదు.

మా అమ్మ పుట్టిల్లు ప్రొద్దుటూరు. నా చిన్నతనమంతా అక్కడే, తాత దగ్గర, అవ్వ దగ్గర గడిచింది. తాత బంగారు పని చేసేవాడు. ఆ వీధిలో అన్నీ బంగారు పని ఇళ్లే. పొద్దున లేస్తే చిన్న సుత్తుల టకటక, కుంపట్లలో రాజుకునే బొగ్గుల వాసన, కరిగిన లక్క వాసన, నగలు కడిగిన చింతపండు పులుసు వాసన. ఆ పులుసు వాసనకు నాకు నోరూరేది. ఒకసారి వేలు ముంచి నాకి, అవ్వ చేత వీపు మీద దెబ్బ తిన్నాను.

మా ఇంట్లో ఊడ్చిన దుమ్ము బయట పారబోసే ఆచారం లేదు. అందులో బంగారు రజను ఉంటుందని కుండలో పోసి దాచేవాళ్లు. దుమ్ము కడిగే మనుషులు వచ్చి ఆ కుండ పట్టుకుపోయేవాళ్లు. తాత పని గదిలో నుంచి ఎవరు బయటికి వచ్చినా గడప లోపలే అరికాళ్లు దులుపుకోవాలి. నేను మరిచిపోయి పరుగెత్తితే అవ్వ వంటింట్లో నుంచే కేక వేసేది.

"అమ్మీ! బంగారు కాళ్లేసుకొని యాడికి పోతాండావు?"

మా ఇంటిని ఆనుకుని ఉన్న గదిలో జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒక ముస్లిం దంపతులు బాడుగకు ఉండేవారు. కొత్తగా పెళ్లయిన జంట. ఆయన వేరొకరి షెడ్డులో లారీలు బాగుచేసేవాడు. నేను ఆయనను మామా అని, ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. ఆయనేమో మా తాతను మామా అని, అవ్వను అత్తా అని పిలిచేవాడు. అత్త సేమ్యా పాయసం చేస్తే జీడిపప్పులన్నీ నా గిన్నెలోకే వచ్చేవి.

మామ అన్నదమ్ములంతా కువైట్‌లో ఉన్నారు. వాళ్లు ఈయనకు కూడా వీసా పంపించారు. నెలాఖరు శుక్రవారం లోపల పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో పెడితే చాలు, విమానం ఎక్కొచ్చు. అత్తకు మాత్రం ఆ మాటే గిట్టేది కాదు. ఆమె అక్క బిడ్డ, కువైట్‌లో ఉన్న తండ్రిని ఫోటోలోనే చూసి పెరుగుతోంది. ఆయన సెలవు మీద వస్తే ఎవరో కొత్త మనిషి వచ్చాడని ఏడ్చి మంచం కింద దూరిందట. ఆ సంగతి చెప్పి అత్త మా అవ్వ దగ్గర కళ్లు తుడుచుకునేది.

మామకు కూడా పోవాలని లేదు. "ఒకని కింద చెయ్యల్లంటే ఈడైతేనేం, ఆడైతేనేం మామా? నాకంటూ ఒక షెడ్డుంటే నేనెందుకు పోతా?" అని తాతతో అనేవాడు.

అట్లాంటి రోజుల్లో వేముల వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. మీసాలాయన, భూములున్న మనిషి, నోటికి వచ్చింది మొహం మీదే అనేసే రకం. శెనక్కాయ మూటల లారీలో, మూటల మధ్య పడుకోబెట్టి ఒక మోటార్ సైకిల్ తెచ్చాడు. అంతా తుప్పు, కోళ్ల రెట్టలు.

"గనుల్లో పనిచేసిన దొర మా నాయనకు ఇచ్చిపోయిన బండి అబ్బీ ఇది. మా నాయన పోయినాక దీని కింద కోళ్లు గుడ్లు పెట్టుకుంటాండాయి. చూస్తాంటే పాణం ఉసూరుమంటాది. దీన్ని బతికించు. నన్ను వెనక కూర్చోబెట్టుకొని పులివెందుల దాకా ఆగకుండా పోయి రా. బస్టాండు కాడ నా గది ఒకటి ఖాళీగా ఉండాది. అది నీకు షెడ్డుకిస్తా."

"మధ్యలో ఆగిపోతే అప్పా?"

"ఆగిపోతే నువ్వు కువైట్‌కు పో, నేను స్కూటర్ కొనుక్కుంటా."

మామ ఆ బండి చుట్టూ తిరిగి చూశాడు. పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి, "చేస్తానప్పా" అన్నాడు. గోడ అవతల నిలబడి అత్త ఆ మాట విన్నది. అప్పటి నుంచి ఆమెకు ఆ బండే దిక్కు.

చేస్తానని అన్నాడు గాని, మొదటి రోజే చిక్కుపడ్డాడు. ఆ బండి నట్లు దొరల కొలతవి. మామ దగ్గరున్న లారీ స్పానర్లలో ఒకటి వదులు, దాని కింది సైజు ఎక్కదు. బలవంతాన తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. ఆయన చట్రం బోల్టులు కోసేసి, ఇంజను మూట కట్టుకుని మా తాత దగ్గరికి వచ్చాడు.

"నీ ఆకురాయి ఒకటి ఇయ్యి మామా. స్పానర్లు అరగదీసుకుంటా."

"ఇచ్చేదేంది? నీ చేతికిస్తే నా ఆకురాయి పళ్లూడి వస్తాది. నట్టు యాడుండాదో చూపించు" అన్నాడు తాత.

తాత లక్క ముద్దను కుంపటి మీద మెత్తబరిచి నట్టు మీద నొక్కాడు. చల్లారాక తీస్తే నట్టు ఆకారం అచ్చు పడి ఉంది. ఉంగరానికి వేలి కొలత తీసుకున్నట్టు తీసుకున్నాడన్నమాట. ఆ అచ్చును పక్కన పెట్టుకుని ఆ కింది సైజు స్పానరు నోరు కొంచెం కొంచెం రాకడం మొదలుపెట్టాడు. రాకిన స్పానరు నట్టుకు తొడిగితే, చూడండి, గాలి కూడా దూరనంతగా పట్టింది. మామ దాన్ని తిప్పినప్పుడు ఎన్నేళ్ల నుంచో కదలని నట్టు 'కిర్' అని మూలిగి వదులైంది. నేను నోట్లో వేలు పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. నగలు చేసే ఆ చిన్న గదిలో అంత మొరటు ఇనుము మాట వింటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

అప్పటి నుంచి ఇంజను మా ఇంట్లోనే. తాత పీట ముందు, రజను పడకుండా ఒళ్లో పరుచుకునే తోలు గుడ్డ మీద ఒక్కొక్క ముక్క విప్పేవాళ్లు. చిన్న మర కూడా పోలేదు. ఏది పడినా ఆ తోలులోనే పడాలి గదా.

ఇంజను కింది పెట్టెలో బేరింగు బిగుసుకుని రాలేదు. సుత్తితో కొడితే పెట్టె పగులుతుంది. ఒకే చోట మంట పెడితే వంకరపోతుంది. పెట్టె అంతా ఒక్కటే వేడి పట్టాలి. మామ చూపు మెల్లగా వంటింట్లో అవ్వ రొట్టెల పెనం మీదికి పోయింది.

"నా పెనం మీదనా? కోళ్లు తొక్కిన ఇనుమునా?" అని అవ్వ లేచి నిలబడింది.

"ఇనుము కాదత్తా, అల్యూమినియం."

"ఏదైనా కానీ. పందికొక్కు మాదిరి ఉండాది. అట్లా పో!"

అప్పుడు అత్త గడప దగ్గరికి వచ్చి నిలబడింది. అవ్వ ఆమె మొహం చూసి, మూతి తిప్పుకుని, పెనం పొయ్యి మీద పెట్టింది.

మామ తొందరపడి పట్టకారు పట్టుకుంటే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ పెట్టె మీద నీళ్లు చిలకరించింది. నీళ్లు 'సుయ్' మని అక్కడే ఇగిరిపోయాయి. "ఇంకా కాగల్ల" అన్నది. కాసేపాగి మళ్లీ చిలకరించింది. ఈసారి నీటి చుక్కలు ముత్యాల్లాగా అటూ ఇటూ పరుగులెత్తాయి. "ఆ, ఇప్పుడు రొట్టె వెయ్యొచ్చు." మామ పట్టకారుతో పెట్టెను పైకెత్తి చెక్క మీద చిన్నగా తట్టాడు. బేరింగు 'టప్'మని తనంతట తానే కిందపడింది. అవ్వ ఉలిక్కిపడి, తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ సాయంత్రం జొన్నరొట్టె అంతా ఇంజను నూనె వాసన. నేను తినలేక అటూ ఇటూ చూశాను. తాత మాత్రం పుండుగూర, అదే గోంగూర, అద్దుకుని తింటూ, "ఈపొద్దు రొట్టె గొంతులో శానా నున్నగా దిగుతాండాది" అన్నాడు. అవ్వ చెంబు విసరబోయింది.

ఇట్లా ఒక్కొక్క పనికీ ఒక్కొక్క పనిముట్టు పుట్టుకొచ్చేది. పై మూత చదును చేయడానికి మామ జమ్మలమడుగు నుంచి నున్నటి నాపరాయి పలక తెచ్చాడు. దాని మీద సానపొడి చల్లి రుద్దారు. వాల్వులు వాటి గూళ్లలో సరిగ్గా కూర్చోవాలంటే పొడి పూసి అటూ ఇటూ తిప్పాలి. ఆ పని నాకిచ్చారు. మజ్జిగ చిలికినట్టు రెండు అరచేతుల మధ్య వాల్వుకు అతికించిన పుల్లను తిప్పితే వాల్వు గరగరా తిరిగేది. రానురాను ఆ గరగర తగ్గి మెత్తబడేది. అది వింటుంటే నా ఒళ్లు ఝల్లుమనేది.

పిస్టన్‌కు ఉంగరాల్లాంటి రింగులుంటాయి. అవి బయటికి విచ్చుకుని ఉంటాయి కాబట్టి వాటిని నొక్కిపెట్టి సిలిండర్‌లోకి దించాలి. దానికోసం తాత ఇత్తడి రేకు సాగగొట్టి, చుట్టి, పక్కన మర పెట్టి పట్టీ చేశాడు. అవ్వ చూసి, "నా పెండ్లప్పటి నుంచి అడుగుతాండా, నాకు చేసినావా వడ్డాణం? ఈ బోడి పిస్టన్‌కు చేస్తాండావు" అన్నది. "దానికి నడుముండాది" అన్నాడు తాత. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు వడ్డాణమే.

ఇక అసలు సంగతి. సిలిండర్ లోపల బాగా అరిగిపోయి ఉంటే, నూనె మిల్లు పక్కనున్న లేతు మిషను ఆయన దాన్ని కోసి పెద్దది చేసి ఇచ్చాడు. మామ జమ్మలమడుగులో పని ఉండి పోతూ, "లోపల తుడిచి శుభ్రంగా పెట్టు మామా" అని తాతకు అప్పగించాడు.

తాత దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. లోపలంతా సన్నటి గీతలు, ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తూ. ఆయన మొహం మాడిపోయింది.

"ఏం పనిది? గీతలు గీతలుగా వదిలిపెట్టినాడే. వీనికి మెరుగు పెట్టడం రాదా?"

ఇంక కూర్చున్నాడు. నగకు పెట్టే మెరుగంతా దానికి పెట్టాడు. పొడి మారుస్తూ, గుడ్డ మారుస్తూ రుద్దాడు. కుంకుడు రసంతో కడిగాడు. మామ తిరిగొచ్చేసరికి ఆ సిలిండర్ అద్దమైపోయి ఉంది. లోపలికి తొంగి చూస్తే నా మొహం సాగి, గొర్రె మొహంలాగా కనిపించింది. మామ కూడా అట్లాంటిది ఎప్పుడూ చూడలేదు. "మామా, ఇది ఇంజనా, నగనా?" అని మురిసిపోయి అట్లాగే బిగించాడు.

బండి నిలబెట్టి కిక్కు కొట్టారు. లేచింది. వీధి పిల్లలమంతా అరిచాం. కానీ వెంటనే వెనక గొట్టంలో నుంచి నీలం పొగ. ఎంత పొగ అంటే ఎదురింటి తలుపు కనపడలేదు. కాసేపు దగ్గి ఆరిపోయింది. మళ్లీ కొడితే మళ్లీ పొగ, మళ్లీ దగ్గు. చూడటానికి వచ్చిన రైతు తువ్వాలతో ముక్కు మూసుకున్నాడు.

"దోమల మందు కొట్టను బాగుంటాదిలే అబ్బీ" అని పోయాడు.

మామ ఇంజను మళ్లీ విప్పాడు. ఎక్కడ తప్పు జరిగిందో దొరకలేదు. రింగులు సరిగ్గానే ఉన్నాయి, వాల్వులు సరిగ్గానే ఉన్నాయి. శుక్రవారం దగ్గరపడింది. ఒక పొద్దున పాస్‌పోర్టు చొక్కా జేబులో పెట్టుకుని వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు. ఏజెంటు దగ్గరికి పోతూ తాతకు చెప్పిపోదామని వచ్చాడట. తాత కుంపటి ఊదుతూనే ఉన్నాడు.

అప్పుడే వీధిలో కేక వినిపించింది. "రోళ్లకు కక్కులు కొడతామమ్మా!" నున్నబడిపోయిన రోళ్లకు ఉలితో గంట్లు పెట్టే ఆమె. అవ్వ ఆమెను పిలిచి రుబ్బురోలు చూపించింది.

"శానా నున్నగై పోయింది మే. ఉద్దిపప్పు ఏస్తే జారిపోతాండాదే గానీ, పట్టుకోవడం లే."

ఆమె కూర్చుని టకటకా కక్కులు కొట్టింది. రాతి పొడి లేచింది. అవ్వ గుప్పెడు మినప్పప్పు వేసి తిప్పి చూసి, "ఆ, ఇప్పుడు పట్టుకుంటాండాది" అన్నది.

మామ ఆ రోలు వైపు చూస్తూ ఉన్నాడు. తర్వాత లేచి తాత పీట దగ్గరికి వచ్చాడు.

"మామా. సిలిండర్లో లేతాయప్ప గీతలు పెట్టిండె గదా."

"తీసేస్తిని గదా."

"అవి ఉండల్లేమో మామా. అంత నున్నగుంటే నూనె నిలబడను తావేది? రింగులకు పట్టు దొరకడం లేదేమో."

తాత చేతిలోని పని పక్కన పెట్టాడు. సిలిండర్ చేతిలోకి తీసుకుని ఆకాశం వైపు పట్టి చూశాడు. నేనూ ఆయన చంక కింద నుంచి చూశాను. లోపల ఆకాశం గుండ్రంగా తిరుగుతోంది. వడ్డాణాలకు, కాసుల పేర్లకు కూడా అంత మెరుగు నేను చూడలేదు.

"నా చేత్తో పెట్టిన మెరుగు మీద ఈపొద్దు దాకా గీత పడనియ్యలేదబ్బీ. గీత పడిన నగ ఇంటికి తిరిగొస్తాది."

"నేను గీకుతాలే మామా. నువ్వు లోపలికి పో."

తాత సిలిండర్‌ను మామ చేతిలో పెట్టాడు. గోడ అవతల అత్త దగ్గు వినిపించింది. తాత మళ్లీ చెయ్యి చాచాడు.

"నీ చేతికి అదుపు లే. ఇటియ్యి."

వెదురు కర్ర చివర చీల్చి, చీలికలకు సానరాయి ముక్కలు లక్కతో అతికించాడు. చీలికలు విచ్చుకుంటే రాళ్లు సిలిండర్ గోడను నొక్కుతాయి. కిరసనాయిలు పోసుకుంటూ ఆ కర్రను తిప్పుతూ పైకి లాగాడు, తిప్పుతూ కిందికి దించాడు. మొదటి గీత పడినప్పుడు ఆయన కళ్లు మూసుకోవడం నేను చూశాను. తర్వాత తెరిచాడు. ఇక చెయ్యి ఆగలేదు. పైకి పోయే గీత ఒక వాలు, కిందికి వచ్చే గీత ఇంకో వాలు, రెండూ కలిసిన చోటల్లా సన్నటి గళ్లు. కళ్లాపి చల్లిన వాకిట్లో ముగ్గు పరుచుకున్నట్టు ఆ మెరుగు మీద గీతలు పరుచుకున్నాయి. పెట్టిన చెయ్యే దాన్ని తీసేస్తోంది. మామ తల మీది టోపీ సర్దుకుని, పెద్దల ముందు నిలబడినట్టు నిలబడ్డాడు. సుత్తి చప్పుళ్లు మాని పక్కిళ్ల వాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నాకు ఎందుకో గుడిలో హారతి పట్టేటప్పటిలాగా చేతులు జోడించాలనిపించింది.

అవ్వ మాత్రం అలవాటు కొద్దీ, కారుతున్న కిరసనాయిలు కింద గిన్నె పెట్టింది. "అందులో బంగారం లేదులే" అన్నాడు తాత. "ఉన్నా లేకున్నా" అన్నదామె.

శుక్రవారం పొద్దున బండి లేచింది. మొదట కొంచెం పొగ వచ్చింది. అందరం ఊపిరి బిగబట్టాం. పొగ పలచబడింది, ఆగింది. రైతు తలకు తువ్వాల చుట్టుకుని వెనక కూర్చున్నాడు. "నడిమధ్యలో దించినావంటే నిన్ను మోసుకొని పోను నేను" అన్నాడు. పాస్‌పోర్టు మామ జేబులోనే ఉంది. బండి దారిలో ఆగిపోతే తిరిగొచ్చి నేరుగా ఏజెంటు దగ్గరికే పోవాలి. ఇద్దరూ పులివెందుల దారి పట్టారు.

నన్ను అవ్వ అత్తకు తోడుగా పంపింది. అత్త చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ చేటలో పోసుకుని మళ్లీ ఏరుతోంది. నేను చూస్తున్నానని కూడా ఆమెకు తెలియదు. వీధిలో లారీ పోయినా, బస్సు పోయినా ఆమె వేళ్లు ఆగేవి. అది కాదని తెలిశాక మళ్లీ కదిలేవి. మసీదులో నమాజు పిలుపు వినిపించి ఆగింది. ఎండ గడప మీద నుంచి మెట్ల మీదికి జరిగింది. బండి రాలేదు. నేను ఆకలి మాట ఎత్తలేదు.

చాలాసేపటికి ఎక్కడో దూరంగా చప్పుడు. డుబ్, డుబ్, డుబ్ అని నిదానంగా, తిని లేచిన మనిషి నడకలాగా. ఎక్కడా దగ్గు లేదు. వీధి మలుపు తిరిగింది. ఏజెంటు ఇంటి సందు దాటి, ఆగకుండా, మా వైపే వచ్చింది.

అత్త వీధిలోకి పరుగెత్తలేదు. తలుపు దగ్గరికి కూడా పోలేదు. చేటలో బియ్యం ఎసట్లో పోసి, కొంగుతో మొహం తుడుచుకుని, వెనక్కి తిరగకుండానే నాతో అన్నది.

"అమ్మీ, ఇంకో పళ్లెం పెట్టు. మీ మామ బువ్వకొస్తాండాడు."

బస్టాండు దగ్గర ఆ షెడ్డు చాలా ఏళ్లు నడిచింది. వాళ్ల పిల్లలు తండ్రి భుజాలెక్కి పెరిగారు. ఆ తర్వాత కూడా తాత చాలా నగలు చేశాడు, చాలా మెరుగులు పెట్టాడు. వాటిని చూసిన వాళ్లు మెచ్చుకున్నారు. ఆయన మాత్రం ఎవరైనా పని గురించి అడిగితే ఆ గీతల సంగతే చెప్పేవాడు. ఇప్పుడు ఆ వీధిలో సుత్తి చప్పుడు లేదు. అద్దాల దుకాణాలు వచ్చాయి, నగలు మిషన్ల మీద అచ్చు పోసుకుని వస్తున్నాయి. కాళ్లు దులుపుకోమని కేకవేసే మనిషీ లేదు, దులుపుకోవాల్సిన దుమ్మూ లేదు. అయినా ఆ దారిన పోతే నా అరికాళ్లు ఇప్పటికీ గడప దగ్గర ఒక క్షణం ఆగుతాయి.

సరే నాయనా, పొద్దుపోయింది, లేవండి. మీ పొయ్యి మీద పెనం కాగుతూ ఉండాలి. మీ ఇంటి ఆడవాళ్ల చెవికి మంచి చప్పుడే వినపడాలి. మీ ఇంట్లో నుంచి పనికి పోయిన మనిషి ఎంత దూరం పోయినా బువ్వ వేళకు ఇల్లు చేరాలి.